గజదొంగ గంగి పన్నెండో భాగం

వనపర్తి గ్రంథాలయానికి రిటైరైన కండక్టర్ సాయన్న రోజూ వచ్చేది బొమ్మల కథల కోసమే. లైబ్రేరియన్ మాలతి చదవమని ఇచ్చిన 'గజదొంగ గంగి' పదకొండు భాగాలూ పూర్తి చేశాడు. ఆఖరిదైన పన్నెండో భాగం అక్కడ లేదు.

"గంగిని ఉరికంబం ఎక్కించిన్రు మేడం. బతుకుతదా, సస్తదా?" అని అడిగాడు సాయన్న.

ఆ ముఖం చూసి మాలతికి జాలేసింది. తానూ చదవని కథను చదివినట్టే చెప్పింది. "తాడు తెగుతది. గంగి కృష్ణల దుంకి, ఈదుకుంట సోమశిలల తేలుతది."

"మన సోమశిలలనా?"

"ఆ... అక్కడ పడవ నడిపేటాయన ఒడ్డు దాటిస్తడు."

సాయన్న నవ్వాపుకుంటూ సంచిలోంచి కొత్త పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. పన్నెండో భాగం!

మాలతి ముఖం కందిపోయింది. "మీరు ముందే చదివిన్రా?"

"నిన్న కర్నూల్ల కొన్న, మన లైబ్రరీకిద్దామని. ఈ పుస్తకంల గంగి సస్తది మేడం. నిన్నట్నుంచి బువ్వ దిగుతలేదు."

పుస్తకం చివరి పేజీ తెరిచి, పెన్ను ఆమె చేతికిచ్చాడు.

"మీరు చెప్పింది జర కాయితం మీద రాయున్రి. గీ పేజీ మీద అంటిద్దాం. మన ఊరోళ్లకు గంగి బతకాలె."