పరిచయం

బోర్డు గేముల కొట్టు తలుపు తెరుచుకోగానే ప్రోగ్రామరు పక్కన ఆడుతున్న తన ప్రియురాలి చేతిలోంచి చెయ్యి లాగేసుకున్నాడు. అతని ఆఫీసు స్నేహితులు ఇద్దరు లోపలికొచ్చారు.

"నేను ట్రాన్స్ అమ్మాయినని చెప్పిన రోజు 'అయితే ఏంటి' అన్నావుగా?" అంది ఆమె, బోర్డు మీద పాచికలు సర్దుతూ.

"అన్నాను. కానీ వీళ్లు పసిగడితే ఆఫీసంతా టాంటాం చేస్తారు." అతను చెమట తుడుచుకుంటూ కుర్చీ ఆమెకు దూరంగా జరుపుకున్నాడు.

"రెండు నిమిషాలకే ఇలా అయిపోయావే! నాకు ఇంట్లోంచి కాలు బయటపెట్టిన ప్రతిసారీ ఇంతే."

అప్పుడు చూశాడు, పాచికల మీద ఆమె వేళ్లు వణుకుతున్నాయి. ఇన్నాళ్లూ ఆమెకు భయమంటే తెలియదనుకున్నాడు.

స్నేహితులు దగ్గరికొచ్చారు. "ఎవర్రా ఈవిడ?"

'తెలిసినావిడ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"మేమిద్దరం ప్రేమించుకుంటున్నాంరా," అన్నాడు ఆమె చెయ్యి మళ్లీ అందుకుంటూ.