ఆయిల్ మార్చమన్న కారు

పరీక్ష కేంద్రం ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా కారు గొంతు విప్పింది. "అమ్మగారూ, ఇంజన్ ఆయిల్ పాడైపోయింది. ఎందుకైనా మంచిది, ఆపండి."

వెంటనే పక్కకు తీసి ఆపేశాను.

"అమ్మా, తొమ్మిదికల్లా గేటు మూసేస్తారు!" అంది మా అమ్మాయి హిమజ. "శుక్రవారమేగా మార్పించావు? ఈ నెలలో అది నాలుగోసారి."

బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి కొంగుతో తుడిచి మళ్లీ ముంచి చూశాను. తేనెలా మెరుస్తోంది. అయినా అనుమానం తీరక మెకానిక్ మస్తాన్‌కి వీడియో కాల్ చేసి చూపించాను.

"ఆయిల్ భేషుగ్గా ఉందమ్మా. ఈ కాలం బళ్లు ఆయిల్ చూసి చెప్పవు, ఓనర్ని చూసి నేర్చుకుంటాయి. మీరు భయపడేకొద్దీ అది భయపెడుతుంది. పట్టించుకోకుండా పోనియ్యండి."

ఎక్కి కూర్చుని, "నోరు మూసుకో" అన్నాను కారుతో. అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

రెండు నిమిషాలుందనగా చేరాం. హిమజ దిగి పరుగెత్తింది. తీరా చూస్తే హాల్ టికెట్ వెనక సీటు మీదే ఉంది. చెప్పులు వదిలేసి వెంటపడి, మూస్తున్న గేటు సందులోంచి అందించాను.

తిరిగొచ్చి రొప్పుతూ కారునడిగాను. "అన్నీ చూస్తుంటావుగా, ఇది చెప్పొద్దూ?"

"నోరు మూసుకోమన్నారుగా" అంది. ఇంకేం అడిగినా పలకలేదు.

నేరుగా మస్తాన్ షెడ్డుకి తీసుకెళ్లి ఆయిల్ మార్చమన్నాను.

"బాగానే ఉందని చెప్పానుగా అమ్మా?"

"ఆయిల్ కోసం కాదయ్యా, దీని అలక తీరాలి. రేపు పిల్లకి రెండో పేపరుంది."