నలభై ఒకటో నంబరు బిళ్ళ

శనివారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి ఒక ముసలావిడ ట్రెవర్ గ్యాస్కిల్ కాక్‌పిట్‌లో చెయ్యి పెట్టింది.

అడ్డంగా కట్టిన తాడు దాటి, మెట్టెక్కి, ప్యానెల్ వెనక్కి మోచేతి దాకా పెట్టింది.

ట్రెవర్ తాగుతున్న టీ నేల మీద పెట్టి వచ్చాడు.

"ఏవమ్మా, బోర్డు కనబడలేదా? ముట్టుకోవద్దని రాశాను."

"కనబడింది నాయనా. కళ్ళజోడు తెచ్చుకున్నాను."

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో, ఒకప్పుడు విమానాలు నిలిపిన ఆ పాత హ్యాంగర్‌కి ఏటా జూన్‌లో యుద్ధవిమానాల కాక్‌పిట్‌లు వస్తాయి. రెక్కలూ తోకా తుక్కు కింద పోగా మిగిలిన ముక్కులు. బాగుచేసుకున్నవాళ్ళే వాటిని ట్రెయిలర్ల మీద లాక్కొస్తారు. ఆ ఏడు ఇరవై ఆరు వచ్చాయి. అన్నిటికన్నా బాగా చేసినదానికి కప్పు ఇస్తారు.

ట్రెవర్‌ది 1956 నాటి బాంబర్ ముక్కు. తొమ్మిదేళ్ళు అతని గ్యారేజీలో ఉంది. ఆ తొమ్మిదేళ్ళూ అతని భార్య కారు వానలో ఉంది.

నాలుగింటికి పోటీ జడ్జి వస్తాడు. స్విచ్చి వేస్తే డయళ్ళన్నీ వెలగాలి. మూడు వారాలుగా కుడివైపువి వెలుగుతున్నాయి, ఎడమవైపు నాలుగూ వెలగడం లేదు. వెలగకపోతే కప్పు రాదు. గత రెండేళ్ళూ ట్రెవర్‌కి రెండో స్థానమే దక్కింది.

"ఈ వైర్ల కట్ట ఎవరు కట్టారు?" అని అడిగింది ఆవిడ.

"నేనే."

"కసాయి కొట్టులో మాంసం కట్టినట్టుంది."

పక్క కాక్‌పిట్ దగ్గర ఎవరో నవ్వారు. ట్రెవర్ చెవులు ఎర్రబడ్డాయి.

"మూడో వైరూ ఐదో వైరూ అటుదిటు అయ్యాయి. ఇలా ఉంటే ఎడమవైపు వెలగవు. మార్చు."

"ఫ్యాక్టరీ డ్రాయింగ్ చూసి కట్టాను."

"డ్రాయింగ్ తప్పు."

"తప్పా? గీసినవాళ్ళు ఇంజనీర్లు తల్లీ."

"గీశారు. కట్టలేదు."

ఆవిడే మళ్ళీ అడిగింది.

"ఇందులో ఉన్న పాత కట్ట ఏమైంది?"

"డ్రాయింగ్‌తో కలవలేదు. తర్వాత ఎవడో కెలికి ఉంటాడు. కోసి పారేశాను."

ఆవిడ చెయ్యి బయటికి తీసింది. మెట్టు దిగి, కాక్‌పిట్ పక్కన బల్ల మీదున్న అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళింది.

పెట్టెలో గుడ్డ మీద ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. దాని మీద 41 అని కొట్టి ఉంది. వైరింగ్ బల్ల దగ్గర కూర్చుని కట్ట కట్టినవాళ్ళ నంబరు బిళ్ళ ఆ కట్టకే తగిలించడం ఆ ఫ్యాక్టరీ రివాజు. తప్పు దొరికితే ఎవరిని తిట్టాలో తెలియడానికి.

బిళ్ళ పక్కన ట్రెవర్ స్వయంగా రాసిన అట్టముక్క ఉంది.

'ఈ వైరింగ్ చేసిన పనివాడు ఎవరో తెలియదు. ఆయన గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. ఈ కాక్‌పిట్ ఆయనకు అంకితం.'

ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఆ మనిషి కోసం వెతికావా?"

"ఐదేళ్ళు. ఆ ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ల జాబితా మొత్తం తిరగేశాను. అందులో నలభై ఒకటి లేదు."

"ఆ మనిషి కట్టిన కట్టనేమో కోసి పారేశావు. అంకితం మాత్రం ఆ మనిషికే ఇచ్చావు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"వినమ్మా," అన్నాడు ట్రెవర్. "తొమ్మిదేళ్ళు చలిలో మోకాళ్ళ మీద కూర్చుని చేశాను. దీని గురించి నాకు తెలిసినంత ఈ దేశంలో ఎవడికీ తెలియదు. నువ్వు బస్సు దిగొచ్చి, అరగంట చూసి, నాకు పాఠాలు చెబుతావా?"

"అరగంట కూడా కాలేదు నాయనా."

ఆవిడ పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"లెన్!" ట్రెవర్ కేక హ్యాంగర్ చివరిదాకా వినిపించింది.

గేటు దగ్గర కూర్చునే లెన్ వచ్చాడు.

"ఈవిణ్ణి బయటికి పంపు. ఇందాక ప్యానెల్‌లో చెయ్యి పెట్టింది. ఇప్పుడు బిళ్ళ తీయబోతోంది."

"చూద్దామనుకున్నాను," అంది ఆవిడ.

"అందరూ అదే అంటారు."

లెన్ నేల చూశాడు. "పదండమ్మా. గేటు దగ్గర టీ ఇస్తాను."

"టీ వద్దులే బాబూ." రెండడుగులు వేసి ఆగింది. "మూడోది, ఐదోది," అని ట్రెవర్‌కి మళ్ళీ చెప్పి వెళ్ళింది.

మూడున్నరకు ట్రెవర్ నాలుగు బల్బులు మార్చాడు. వెలగలేదు.

పావు తక్కువ నాలుగుకి చుట్టూ చూసి, ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి, మూడో వైరునీ ఐదో వైరునీ అటుదిటు మార్చాడు.

స్విచ్చి వేశాడు. అన్నీ వెలిగాయి.

నాలుగూ పదికి జడ్జి వచ్చాడు. టార్చి వేసి వెనకంతా చూశాడు.

"వైరింగ్ డ్రాయింగ్ ప్రకారమేనా?"

"అక్షరం పొల్లుపోకుండా," అన్నాడు ట్రెవర్.

ఐదింటికి కప్పు ఇచ్చారు. ఐదూ పదికి ట్రెవర్ కప్పుతోనే గేటు దగ్గరికి వెళ్ళాడు.

"ఆవిడ ఏది?"

"ఎవరు, నువ్వు గెంటించిన ఆవిడా? ఒంటిగంటన్నర బస్సుకి వెళ్ళిపోయింది. అంతవరకూ వానలో స్టాపులోనే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు."

"ఊరూ పేరూ ఏమైనా చెప్పిందా? ఒకటి అడగాలి."

"ఇప్పుడా అడగడం?"

లెన్ సందర్శకుల పుస్తకం తెరిచి అతని వైపు తిప్పాడు. వచ్చిన ప్రతివాళ్ళూ అందులో రాయాలి. పైలట్లుగా పనిచేసినవాళ్ళు చివరి గడిలో తాము పనిచేసిన విమాన దళం, స్క్వాడ్రన్, పేరు రాస్తారు.

పేరు గడిలో డోరీన్ ఆస్పిన్‌వాల్ అని ఉంది.

చిరునామా గడి ఖాళీగా ఉంది.

'ఈ విమానాలతో మీ సంబంధం' అన్న చివరి గడిలో నీలం సిరాతో ఇలా ఉంది: 'వైరింగ్ బల్ల, 1956. బిళ్ళ నంబరు 41.'