మూత కింద కాగితం

“ఒక్క సంతకం పెట్టి కదలండి!”

ఆ రోజు జిరాక్సు షాపుకు ఎవరొచ్చినా బాబాయి మొదటి మాట అదే. వీధి మొత్తానికీ ఆయన బాబాయే.

షాపు ముందు బ్యానరు కట్టారు. ‘మా పెద్దక్క గొంతు మాక్కావాలి! కొత్త గొంతు డౌన్ డౌన్!’

పెద్దక్క అంటే టీవీ సీరియల్లో పెద్దక్క. పదకొండేళ్ళుగా మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. అందరూ ఆమెను చూస్తారు. బాబాయి వింటాడు. మిషను ముందు నిలబడితే టీవీ వీపు వెనక పడుతుంది మరి.

భార్య పోయిన ఏడు ఆయన్ని నిలబెట్టింది ఆ గొంతే. సీరియల్లో ఎవరు ఏడ్చినా పెద్దక్క ఒకటే అనేది. “ఏం కాలేదులే.” ఆ మాట కోసమే రోజూ వచ్చి షట్టరు ఎత్తేవాడు.

పోయిన నెల ఉన్నట్టుండి గొంతు మారింది. మొహం అదే, మాట మాత్రం ఎవరో పిల్లది. సొంత ఇంట్లోకి పరాయి మనిషి చొరబడినట్టయింది బాబాయికి.

అభిమానులంతా ఒక్కటయ్యారు. ఫోనుల్లో ఆ పిల్లను తిట్టని తిట్టు లేదు. కొన్ని చదివితే బాబాయికే ఒళ్ళు జలదరించింది. ఇవి పెద్దక్క వింటే ఒక్కొక్కడి చెంపా పగలగొట్టేది అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. అభిమాన సంఘానికి అధ్యక్షుడు తనే కదా!

అప్పుడొచ్చిందామె. మెడకు గుడ్డ చుట్టుకున్న యాభై ఏళ్ళ మనిషి. కాగితం అందించి రెండు వేళ్ళు చూపించింది.

“రెండు కాపీలా? తీసిస్తానమ్మా. ముందు సంతకం.”

ఆమె బ్యానరు చదివింది. సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, రాసి చూపించింది. ‘ఆ అమ్మాయి బాగానే చెబుతోంది. కొంచెం కుదురుకోనివ్వండి.’

షాపు బెంచీ మీద కూర్చున్న బేకరీ ఓనరు తొంగి చూసి పగలబడి నవ్వాడు.

“బాబాయ్, మూగావిడ గొంతుకు మార్కులేస్తోంది!”

బెంచీ అంతా నవ్వింది. బాబాయికీ హుషారొచ్చింది.

“మాటే రాదు, గొంతు విలువ మీకేం తెలుస్తుందమ్మా?”

అన్నాక నోరు చేదెక్కింది. నోరు జారానమ్మా అని చెప్పబోయాడు. బెంచీ ఇంకా నవ్వుతోంది. మింగేశాడు.

ఆమె మళ్ళీ రాసింది. ‘ఏం కాలేదులే.’

“ఓహో! మా అక్క డైలాగే కాపీ కొట్టి మాకు చూపిస్తోంది!” బేకరీ ఓనరు తొడ చరిచాడు.

ఆమె కూడా నవ్వింది. చప్పుడు రాలేదు. బాబాయి తీసిచ్చిన కాపీలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మిషను మూత ఎత్తితే ఆమె ఒరిజినల్ అద్దం మీదే ఉంది. జిరాక్సు షాపుల్లో రోజూ జరిగేదే. మనిషి ఇంకా సందు మలుపు తిరగలేదు. కేకేస్తే ఆగుతుంది. ఏ మొహం పెట్టుకుని పిలవడం? కాగితాన్ని బోర్లా తిప్పి, గోడ మేకుకు ఉన్న క్లిప్పుకు తగిలించాడు. ఎదుటివాళ్ళ కాగితం చదవకపోవడం ఇరవై ఏళ్ళుగా ఆయన నియమం.

రెండు వేల సంతకాలు వెళ్ళాయి. పది రోజుల్లో సీరియల్ కంపెనీ దిగొచ్చింది. కొత్త పిల్లను పీకేశారు. బేకరీ ఓనరు కేకు తెచ్చాడు. బాబాయి చేతే కోయించాడు.

మధ్యాహ్నం పెద్దక్క నోరు విప్పింది. ఇంకో కొత్త గొంతు!

“మరి మన పాతావిడ ఏదిరా?” అన్నాడు బాబాయి.

“వస్తుందిలే బాబాయ్! ముందు దీన్ని కూడా తరుముదాం,” అన్నాడు బేకరీ ఓనరు.

బాబాయి చేతిలో కేకు ముక్క పక్కన పెట్టేశాడు. పదకొండేళ్ళలో ఆ పాతావిడ పేరేమిటని తనైనా అడిగాడా?

మర్నాడు ఒక అమ్మాయి మెట్టెక్కింది.

“ఏమండీ, మా మేడమ్ ఇక్కడ ఒక కాగితం మరిచిపోయారట. మెడకు గుడ్డ చుట్టుకుంటారు.”

బాబాయి చెయ్యి మిషను మీదే ఆగిపోయింది. మొహం తెలియదు. ఆ గొంతు మాత్రం నెల రోజులు పళ్ళు నూరుతూ విన్నాడు.

అమ్మాయి బ్యానరు చూసింది. చూపు పక్కకు తిప్పుకుంది.

“ఇప్పుడు దాంతో పనేం లేదండీ. కాపీ ఇచ్చినా కంపెనీవాళ్ళు పట్టించుకోలేదు. మేడమ్ చేతిరాత కదా, నా దగ్గర ఉంచుకుందామని.”

బాబాయి మేకు దగ్గరకు నడిచాడు. అదేనో కాదో చూసి ఇవ్వాలి కాబట్టి, మొదటిసారి నియమం తప్పాడు.

‘అయ్యా, జనం అరుస్తున్నారని ఈ పిల్లను తీసెయ్యకండి. దీనికి నేనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. ఆపరేషన్లో నా గొంతు తీసేశారు గానీ, పదకొండేళ్ళు మీ పెద్దక్కను మాట్లాడించింది నేనే.’