మూడో పాటలో టక్

ఇలా దగ్గరికి జరగండి, ఈ ఫ్యాను మోతలో నా మాట సగం గాలికే పోతోంది. ఇది ఒక తల్లి నోటి నుంచే విన్న సంగతి. నేను కలిపింది ఏమైనా ఉంటే, రుచికి చిటికెడు ఉప్పు.

ఆమె ఓ ఏడంతస్తుల ఆఫీసులో నేలలు తుడుస్తుంది. కొడుకుది అక్కడే పై అంతస్తులో జిరాక్సు మిషను దగ్గర పని. వాడికో పిచ్చి. చెవిన పడ్డ ప్రతి చప్పుడునీ ఫోనులో పట్టేవాడు. స్టాప్లరు కొరుకుడు, మంచినీళ్ళ మిషను గుటకలు, మేనేజరు తుమ్ము, ఏదీ వదల్లేదు. వాటిని ముక్కలుగా కోసి, కంప్యూటర్లో అతికించి, తొమ్మిది పాటలు చేశాడు. ‘రబ్బరు స్టాంపు’ అని దొంగపేరు పెట్టుకుని ఆల్బం నెట్‌లో వదిలాడు.

దొంగపేరు ఎందుకంటే, ఆ ఆఫీసులో ఫోనుతో ఏదీ రికార్డు చేయకూడదు. అంతస్తు అంతస్తుకీ కాగితం అంటించారు. కిందటేడు ఒకతను సరదాకి వీడియో తీస్తే సాయంత్రానికల్లా పని ఊడింది. వీడు దొరికితే తల్లీకొడుకులిద్దరి పనీ ఒక్కసారే పోతుంది.

విన్నవాళ్ళు అభిప్రాయాలు రాయసాగారు. కొడుకు చదివి వినిపించేవాడు.

“‘మా పిల్లి మంచం కింద దూరింది, ఇంకా బయటికి రాలేదు’ అట.”

“మెచ్చుకున్నాడా, తిట్టాడా?”

“ఐదు స్టార్లిచ్చాడమ్మా. ఇదిగో, ‘ఇది సంగీతమైతే మా ఆయన గురక కచేరీ’ అట.”

తల్లి పడీ పడీ నవ్వింది.

ఆమెకి ఇష్టం మూడో పాట. ఒక పొద్దున ఆమెతో పాటు లిఫ్టులో పైకి వెళ్తూ వాడు పట్టింది. బకెట్టు చక్రాల కీచు, లిఫ్టు మూలుగు, ఆమె కూనిరాగం. మధ్యమధ్యలో ఎక్కడిదో ఓ టక్. అది వాడికి తెగ నచ్చేసింది. దాన్నే పెంచి పాటంతటికీ తాళం చేశాడు.

సరిగ్గా ఆ పాట కిందే ‘పాత చెవి’ అనేవాడు తగులుకున్నాడు.

“ఈ పాట నలభై సార్లు విన్నాను. ఆ టక్ మీరు కలిపిందా, దానంతటదే వచ్చిందా?”

కొడుకు పొంగిపోయి, “దానంతటదే” అని జవాబిచ్చాడు. మర్నాడు ఇంకోటి.

“ఇది ఏ భవనం? ఎన్ని అంతస్తులు?”

కొడుకు మొహం వాడిపోయింది. “అమ్మా, వీడు వినేవాడు కాదు. మేనేజరు పెట్టిన మనిషి.”

“మేనేజరుకి తన తుమ్మే గుర్తుండదు, పాటలేం గుర్తుపడతాడ్రా? ఆ రెండో అంతస్తు గుమాస్తా అయ్యుంటాడు. రోజంతా చెవుల్లో ఏదో కుక్కుకునే ఉంటాడు.”

ఆనాటి నుంచి ఆమె ఎవరు ఎదురైనా మొహం కాదు, చెవులు చూసేది. గేటు దగ్గర గార్డు భయపడి చెవులు కడుక్కొచ్చాడట.

వాడు ఆగలేదు. “ఈ మధ్య మళ్ళీ విన్నారా? టక్ పెరిగిందా?” కొడుకు బదులివ్వలేదు. “ఎందుకు దాస్తున్నారు? మీరు రోజూ అక్కడికే వెళ్తారా?” అప్పుడూ ఇవ్వలేదు.

ఆఖరికి ఇలా రాశాడు: “ఆ కూనిరాగం తీసే ఆవిడ కూడా రోజూ వెళ్తుందా? ఏ వేళకి?”

తల్లి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. “ఒరేయ్, ఇది పని ఊడగొట్టేవాడి మాటలా లేదు. ప్రాణం తీసేవాడి మాటలా ఉంది. ఆ పాటలు తీసెయ్యరా నాన్నా.”

“పాటలెందుకు తియ్యాలి? వాణ్ణే తీసేస్తా.” అని ‘పాత చెవి’ ఇక రాయడానికి వీల్లేకుండా కట్టేశాడు.

రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు పొద్దున్నే ఇద్దరూ ఆఫీసుకి వచ్చారు. తల్లి బకెట్టు లిఫ్టులోకి తోసింది. ఒక కాలు లోపల పెట్టింది. కొడుకు ఫోను మోగింది. పేరు కొత్తది, ‘పాత చెవి రెండు’.

“చదవకురా. తుడిచెయ్యి.”

“తుడవడం నీ పని, చదవడం నా పని,” అన్నాడే గానీ, చెరిపెయ్యాలనే వేలు పెట్టాడు. అంతలో మొదటి మాటలు కంటపడి వేలు ఆగిపోయింది. తల్లి కొంగు పట్టుకుని వెనక్కి లాగుతూ వాడు పైకి చదివిన ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోండి, మీవాళ్ళకి చెప్పేటప్పుడు ఒక్క మాటా మార్చకండి:

“ఎవరూ ఆ లిఫ్టు ఎక్కకండి, ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన చెవి నాది, మీ మూడో పాటకి తాళం వేస్తున్నది పోగు పోగుగా తెగుతున్న దాని ఇనప తాడు.”