సీమబాతులు కలిసేదాకా

తెల్ల పోతుబాతు మెడ నేలకు వాల్చి, బుసకొడుతూ పరిగెత్తుకొచ్చింది. అప్పుడే బుట్టలోంచి దించిన గోధుమరంగు బాతు రెక్కను నోట కరిచి ఈడ్చింది. జెస్సీ అరుస్తూ అడ్డం పడింది. విడిపించేసరికి రెక్క అంచున రక్తం కనిపించింది.

"ఇవి ఈడ బతకవు. తీసకపోవాల," అన్నాడు ఏసేపు. చెల్లెలి మొహం చూడకుండానే అన్నాడు.

"యాడికి తీసకపోవాల? ఇంకో ఇరవై దినాల్లో కువైట్ పోతాండా. రెండేండ్లు రాను. ఇంటికాడ వీటికి ఎవురుండారు?"

ముద్దనూరు దగ్గర ఏసేపు కాపలా ఉండే చీనీతోట, అంటే బత్తాయితోట, అది. పాము కనపడినా, కొత్త మనిషి అడుగుపెట్టినా గోల చేస్తాయని నాలుగు తెల్ల సీమబాతుల్ని పెంచుతున్నాడు. జెస్సీ తెచ్చినవి రెండు, ముక్కు మీద బుడిపె ఉండే చైనా జాతివి. తల్లి పోయి మూడేళ్లు. అంతకు కొన్నాళ్ల ముందు నుంచే అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

దెబ్బ తగిలిన బాతును చంకలో పెట్టుకుని, ఆమె అక్కడే నిలబడి పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. పెట్టేశాక, ఎదురుగా ఉన్న చెట్టుకు చెప్పినట్టు చెప్పింది.

"మధ్యలో జాలీ కట్టాలంట. ఒకదాన్నొకటి సూసుకుంటా, ఒకే టయానికి మేత తినాలంట. పది పదైదు దినాల్లో కలుస్తాయంట. అంతవరకూ తెలిసిన మనిషి పక్కన కూసుంటే కొత్తవి బెదరవంట."

ఏసేపు షెడ్డులోకి పోయి, పాత ఇనుప జాలీ చుట్టను భుజాన వేసుకుని వచ్చాడు.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి జెస్సీ ఆటో దిగేది. జాలీకి ఇవతల తన బాతులతో ఆమె, అవతల తెల్లవాటితో అతను. తెల్ల పోతు జాలీని పొడిచి పొడిచి అలిసిపోయేది.

"జొన్నలు వేస్తాండా," అనేది ఆమె.

"వెయ్యి."

మూడు రోజులు ఇంతకు మించి మాటల్లేవు. నాలుగోరోజు ఏసేపు ఒక చీనీకాయ వొలిచి, తొనలు ఒక్కొక్కటే జాలీ సందులోంచి అందించాడు.

"అవి తింటానే ఉండాయి. నువ్వు పొద్దున్నుంచీ తిన్నట్టు లేదే, పాపా."

ఆ పిలుపు విని మూడేళ్లు దాటింది. జెస్సీ తొన నోట్లో పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది.

వారం గడిచేసరికి పోతు పొడవడం మానేసింది. గోధుమరంగువి జాలీ దగ్గరికే వచ్చి తినసాగాయి.

"జాలీ తీసేద్దామా, అన్నా?"

"వద్దు. పొద్దున తీసి సూసినా. మళ్లా కొట్లాడుకున్యాయి. రేపు గూడా రా."

ఆ మాటే మర్నాడూ. ఆ మర్నాడూ.

ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చింది. ఎంతసేపటికీ మేత గిన్నె ముట్టుకోలేదు.

"అన్నా, ఒకటి అడుగుతా. అమ్మ కడాకు నన్ను అడిగిందా?"

ఏసేపు చేతిలోని జొన్నలు నేల మీదికి జారిపోయాయి.

"అడిగింది. రెండు దినాలు అడిగింది. నీకు ఫోన్ చెయ్యమన్యాది. నీ మీద కోపంతో నేనే చెయ్యలా."

జెస్సీ లేచింది. ఎండలో, చెప్పులు కూడా వేసుకోకుండా, వాటిని చేత్తో పట్టుకుని రోడ్డు దాకా నడిచిపోయింది.

మర్నాడు నాలుగైంది. ఏసేపు గేటు దగ్గర నిలబడ్డాడు. నాలుగున్నరైంది. అయిదు కావస్తుంటే ఆటో ఆగిన చప్పుడైంది. జెస్సీ అతన్ని దాటుకుని వచ్చి జాలీ పక్కన కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి.

"మేత యాళ దాటిపోయింది. జొన్నలు తే," అంది.

ఏసేపు తెచ్చాడు. ఆ సాయంత్రం ఇద్దరూ చీకటి పడేదాకా తల్లి గురించే మాట్లాడుకున్నారు. ఒకసారి జెస్సీ నవ్వింది కూడా.

బాతులు మాత్రం కలవలేదు. "ఇంకా లేదు పాపా, రేపు గూడా రా," అంటూనే ఉన్నాడు అతను. దినాలు దగ్గర పడుతుంటే ఆమెకు దిగులు పట్టుకుంది. అవి కలవకుండానే పోవాల్సి వస్తుందేమో. జాలీ తీసినరోజే చంపుకుంటాయేమో.

పద్దెనిమిదోరోజు ఏజెంటు ఫోన్ చేశాడు. ప్రయాణం ముందుకు జరిగింది, మధ్యాహ్నమే మద్రాసుకు వ్యాను. జెస్సీ సాయంత్రం దాకా ఆగలేక పొద్దున్నే తోటకు పరిగెత్తింది.

గేటులో అడుగుపెట్టి అలాగే నిలబడిపోయింది. జాలీ పక్కకు తీసి ఉంది. చీనీచెట్ల మధ్య ఆరు బాతులూ ఒకే వరసలో నడుస్తున్నాయి. నీళ్లతొట్టి దగ్గర గోధుమరంగుది ఆగి, తెల్ల పోతు వీపు మీద మెడ వాల్చింది. పోతు కదలకుండా నిలబడింది.

ఏసేపు దూరంగా మోటారు దగ్గర ఉన్నాడు. కోసిగి నుంచి పనికొచ్చిన చిన్న ఈరన్న రాలిన కాయలు ఏరుతున్నాడు.

"ఈరన్నా, ఎప్పుడు కలిసినాయి ఇవి? రాత్రేనా?"

చిన్న ఈరన్న నడుం నిలబెట్టి ఆమెను వింతగా చూశాడు.

"యాడి రాత్రక్కా! కలిసి పన్నెండు దినాలాయ. దినమూ మూడున్నరైతే సాలు, ఏసేపన్న ఆ రెండిట్నీ ఎంటబడి పట్టి జాలీ ఎనక ఏస్తాడు. ఎందుకన్నా అంటే, 'పాప వచ్చే యాళయింది' అంటాడు."