దొంతిబండ

ఆ పొద్దున శామీర్‌పేట చెరువు మీద ఆకాశం తెల్లగా ఉంది. పడమటి మూలన మాత్రం ఒక సన్నని నల్ల చార. గాలి లేదు. కొంగలు నీళ్లలోకి దిగకుండా గట్టునే నిలబడ్డాయి. గాలయ్య చారను చూశాడు, కొంగల్ని చూశాడు.

దొంతిబండ దగ్గర అంతా సిద్ధంగా ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఏడు గుండ్లు, తాటిచెట్టును మించిన ఎత్తు. అట్టడుగు గుండుకు పేలుడు మందు కూరే రంధ్రాలు నలభై రెండు. నిన్న గాలయ్యే దగ్గరుండి వేయించాడు. కాంట్రాక్టరు మహేందర్ దగ్గర ఇరవై ఏళ్లుగా బండలు పేల్చే మేస్త్రీ అతనే.

పేల్చడానికి అనుమతి ఆ సాయంత్రం ఐదింటి వరకే. రేపు పట్నం నుంచి రాళ్లను పరిశీలించేవాళ్లు వస్తున్నారు. వాళ్లు చూశాక ఇక బండను ముట్టుకోనివ్వరని మహేందర్ భయం. వాళ్లను రప్పించింది గాలయ్య కూతురు అంకిత రాసిన అర్జీ.

అంకిత మేడ్చల్‌లో డిగ్రీ చదువుతోంది. దేశంలోని ప్రకృతి వింతలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. లదాఖ్ మంచు, కచ్ ఉప్పు ఎడారి, మేఘాలయలో చెట్ల వేళ్లతో అల్లిన వంతెనలు. చివరి పేజీలో దొంతిబండ.

"హిమాలయాలు దీని ముందర సంటిపిల్లలు నాయినా," అని చదివి వినిపించేది. "గవి ఐదు కోట్ల ఏండ్లవి. మన బండ రెండు వందల యాభై కోట్ల ఏండ్లది."

గాలయ్య బీడీ ఆర్పేసి వినేవాడు. మేడ్చల్ దాటి అతను చూసిన దేశం ఆ నోటుబుక్కే.

మొన్న అంకిత అందరి ముందూ మహేందర్‌తో అంది: "పేల్చుర్రి. నేను బండ లోపల కూసుంట. ఎట్ల పేలుస్తరో జూస్త."

పది గంటలకు మందు బండి వచ్చింది. అప్పుడే ఎవరో పైకి చూశారు. బండ నెత్తిన, రెండు గుండ్ల సందులో, ఎర్ర చున్నీ.

"గది మన అంకితది గాదూ?"

పైకి దారి తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరే. గాలయ్య, చిన్నప్పటి నుంచి అతని వెంట ఎక్కిన అంకిత. గాలయ్య చెప్పులు విప్పి ఎక్కాడు. చున్నీతో దిగాడు.

"పైన లేదు. సందులల్ల ఉండొచ్చు."

గుండ్ల మధ్య మనిషి దూరేటంత సందులు ముప్పై దాకా ఉన్నాయి. కొన్ని ఎక్కడ తేలతాయో ఎవరికీ తెలియదు.

కబురు విని సాలమ్మ పరుగెత్తుకొచ్చింది. తెల్లారకముందే ఆకుకూరల గంపతో బజారుకు పోయి, ఎనిమిదింటికి ఇల్లు చేరిన మనిషి. పిల్ల కాలేజీకి పోయిందనుకుంది. స్నేహితురాలు సుచిత్రకు ఫోన్ చేస్తే రాలేదంది. అంకిత ఫోను ఇంట్లోనే చార్జింగుకు పెట్టి ఉంది.

"బిడ్డా! నీ కాల్మొక్కుత, బయటికి రాయే!" సాలమ్మ ప్రతి సందు దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని అరిచింది. లోపలి నుంచి ఆమె గొంతే తిరిగి వచ్చింది.

గాలయ్య ఆమె వైపు చూడలేదు.

"చుట్టాలకు ఫోన్ జేసినవా?" మహేందర్ అడిగాడు.

"జేసిన సారూ. యాడ లేదు."

"గింత పొగరేందిరా నీ బిడ్డకు? నువ్వేం నేర్పినవ్?"

"నేనేం నేర్పలె. సదువు నేర్పింది."

పన్నెండయింది. ఒంటిగంటయింది. కూలీలు టార్చిలైట్లతో దూరి, మోచేతులు గీరుకుని వచ్చారు.

"అన్ని జూసినం. ఎవ్వలు లేరు," అన్నాడు మహేందర్. "మందు దించు లక్ష్మణ్."

మందు బండి లక్ష్మణ్ దిగలేదు. "లోపల ఎవ్వలు లేరని మేస్త్రీ చెప్పాలన్నా. ఆయన చెప్తే దించుత."

అందరూ గాలయ్యను చూశారు. గాలయ్య ఆకాశాన్ని చూస్తున్నాడు. నల్ల చార నడినెత్తికి వచ్చేసింది.

"ఉత్తరం దిక్కు సందు మల్లొక్కపారి దేవులాడుర్రి," అన్నాడు.

"రెండుసార్లు జూసిన్రు గదరా!"

"మీ బిడ్డైతే రెండుసార్లకే ఆపుదురా సారూ?"

మహేందర్ కూలీల వైపు చెయ్యి ఊపాడు. కూలీలు మళ్లీ దూరారు.

మూడు దాటాక ఉరిమింది. ఒక్కసారే, రావల్కోల్ వైపు నుంచి. లక్ష్మణ్ బండి స్టార్టు చేశాడు. పిడుగు భయానికి, ఉరుము వినబడ్డాక మందు దించకూడదు. దానికి ఎవరి మాటా చెల్లదు. వాన వచ్చి రంధ్రాలు నిండాయి. మహేందర్ జీపులో కూర్చుని ఐదయ్యేదాకా గడియారం చూశాడు. తరువాత గాలయ్య ముందు ఆగాడు.

"రేపటి సంది పనికి రాకు."

గాలయ్య తలూపాడు.

సాలమ్మ బండను వదిలి రానంది. గాలయ్య ఆమె రెక్క పట్టుకుని ఇంటికి నడిపించాడు. వాన వెలిసింది. వాళ్లు కాళ్లు కడుక్కుంటుండగా ఆరింటి బస్సు ఆగింది. అంకిత దిగింది. చేతిలో చిక్కుడుకాయల సంచి.

సాలమ్మ చూసింది. అరవడానికి గొంతు లేదు. కూతుర్ని పట్టుకుని ముఖమంతా తడిమింది. కొట్టబోయి మళ్లీ పట్టుకుంది.

"ఏమైందవ్వా? ఎందుకేడుస్తున్నవ్?"

"ముందుగాల బువ్వ పెట్టు," గాలయ్య అడ్డుపడ్డాడు. "మాటలు తర్వాత."

సాలమ్మ మూడు కంచాలు పెట్టింది. అన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు. ముగ్గురూ తినడానికి కూర్చున్నారు.

మేనత్తకు జ్వరమని, అవ్వ బజారుకు పోగానే చీకట్లోనే లేపి, ఫోను కూడా తీసుకోనివ్వకుండా రావల్కోల్ బస్సెక్కించిన నాయిన, ఆ జ్వరం ఎట్లుందని ఇంతవరకూ అడగలేదేమా అని అంకిత అన్నం కలుపుతూ ఆయన వైపు చూసింది.